చంపిందెవరో మొదటి పేజీలోనే చెప్పండి!

కథ ముగింపు ముందే చెప్పేసేవాళ్లకు వీధి మలుపుల్లో విగ్రహాలు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. నిలువెత్తువి పెట్టాలి. "ఇదిగో, వీడే చంపాడు" అన్నట్టు ఒక చెయ్యి ముందుకు చాచి ఉండాలి.

పళ్లు నూరకండి. నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

మా బావమరిదినే తీసుకోండి. ఇంటిల్లిపాదీ ఏడు వారాలుగా ఊపిరి బిగబట్టి ఒక వెబ్ సిరీస్ చూస్తున్నారు. చివరి భాగం రావడానికి గంట ముందు అతను ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాడు. "పెద్ద కోడలే విషం పెట్టింది." పక్కన ఒక నవ్వు బొమ్మ. అంతే! మా అత్తగారు కన్నకొడుకుని గ్రూపులోంచి తీసేశారు. అతను చెప్పకుండా పెళ్లి చేసుకున్నప్పుడు కూడా ఆవిడ అంత పని చెయ్యలేదు.

ఇలాంటి మహానుభావుల మాటకి లోకం పెట్టిన పేరు స్పాయిలర్. అంటే పాడుచేసేది అని! ఏమిటండీ పాడయింది? విషం పెట్టినావిడ పెట్టనే పెట్టింది, తాగినాయన పోనే పోయాడు. మీకు గంట ముందు తెలిసినందుకు ఆయన రెండోసారి చచ్చాడా?

నేను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల డెస్కు దగ్గర పనిచేస్తాను. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న పెద్దమనిషి ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది ఒక్కటే. "ఎప్పుడు బయటపడతాను?" అప్పుడు నేను "ఆగండి సార్, ఇప్పుడే చెప్పేస్తే మజా పోతుంది" అంటే ఆయన నన్ను మెచ్చుకుంటాడా? "ఇరవై నిమిషాల్లో మెకానిక్ వస్తాడు, తలుపు తీస్తాడు, మీరు ఇంటికెళ్తారు" అని క్లైమాక్స్ ముందే విప్పేస్తాను. వెంటనే ఆయన గొంతు కిందికి దిగుతుంది. కొందరైతే ఆ ఇరవై నిమిషాలూ నాతో పిల్లల చదువుల గురించి కూడా మాట్లాడతారు.

మా ఆవిడ లెక్కల టీచరు. జవాబులు పుస్తకం వెనకే అచ్చువేసి ఉంటాయి. పిల్లలు ముందు అక్కడికే వెళ్తారు. అందుకని లెక్కలు పాడైపోయాయా? ఇన్నేళ్లుగా ఇంకా చెయ్యలేక చస్తూనే ఉన్నారు కదా!

అయితే ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. కొన్ని నెలల కిందటి దాకా నేను కూడా మీలాగే అజ్ఞానిని. ఒక పెద్దావిడ నా కళ్లు తెరిపించింది. ఎలాగో చెప్తాను.

నేను పాత డిటెక్టివ్ నవలలు సేకరిస్తాను. మా ఆవిడ "పోగేస్తారు" అంటుంది. అది ఆవిడ భాషాదోషం.

అవి అరచేతిలో పట్టే పుస్తకాలు. బస్సులో చదవడానికి అచ్చువేసి, బస్సు దిగేటప్పుడు సీటు మీదే వదిలేసేవి. ముట్టుకుంటే పొడి రాలే కాగితం, తుప్పు పట్టిన పిన్నులు. అట్ట మీద తప్పనిసరిగా మూడుంటాయి. పిస్తోలు, కెవ్వుమంటున్న అమ్మాయి, కిటికీలో నీడ. లోపల హత్య విషంతో జరుగుతుంది కాబట్టి పిస్తోలుకి పని లేదు. కెవ్వుమన్న అమ్మాయి కథలోనే ఉండదు. నీడ మాత్రం ప్రతి పేజీలోనూ ఉంటుంది, ఇంకు ఎక్కువై.

ఇక డిటెక్టివు! రోళ్లు పగిలే ఎండలో ఓవర్‌కోటు తొడుక్కుని తిరుగుతాడు. చెమట పట్టదు. హంతకుడి చెప్పుల మీది బురద చూసి వాడి మేనత్త ఊరు చెప్పేస్తాడు. పక్కనే ఉన్న ఇన్‌స్పెక్టరు నోరు తెరుస్తాడు. ఆ ఇన్‌స్పెక్టరుకి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందన్నదే అసలు మిస్టరీ. దాన్ని మాత్రం ఏ డిటెక్టివూ ఛేదించలేదు.

అలాంటివి నా బీరువాలో నాలుగువందల పదిహేడు ఉన్నాయి. ఒక్కోదానికి ప్లాస్టిక్ కవరు, కవరు మీద నంబరు చీటీ, నంబర్లన్నిటికీ ఒక నోటుబుక్కు, ఆ నోటుబుక్కుకి మళ్లీ ప్లాస్టిక్ కవరు. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. ఈ నియమం మా ఇంట్లో భోజనానికి కూడా ఇంత కచ్చితంగా లేదు.

ఒక ఆదివారం పొద్దున, బస్సు డిపో గోడవార పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన నన్ను చూడగానే పురికొసతో కట్టిన కట్ట ఒకటి ముందుకి తోశాడు. ముప్ఫై ఒక్క పుస్తకాలు. అన్నీ నా దగ్గర లేనివే! బేరం కూడా ఆడకుండా కట్టని గుండెకి హత్తుకున్నాను. సేకర్తలకే తెలుస్తుంది ఆ ఆనందం. మిగతావాళ్లు దాన్ని బలహీనత అంటారు.

ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మొదటిది తెరిచాను. పేరు "తొమ్మిదో తాళంచెవి పోయింది". కథ మొదలయ్యే పేజీలో, పైన ఖాళీలో, ఆకుపచ్చ ఇంకుతో గుండ్రటి అక్షరాలు.

"చంపింది మేనల్లుడు. కంగారు పడకుండా చదువుకోండి."

రెండోది తెరిచాను. "చంపింది తోటమాలి కాదు. తోటమాలి వేషంలో ఉన్న లాయరు. కంగారు పడకుండా చదువుకోండి."

మూడోది. "ఎవరూ చంపలేదు. పాపం ఆయనే జారిపడ్డాడు. కంగారు పడకుండా చదువుకోండి."

మిగతావన్నీ తెరిచి, ఆకుపచ్చ కనపడగానే చదవకుండా మూసేశాను. కంగారు పడకుండా అట! కంగారు పడడానికే కదండీ మనం డిటెక్టివ్ నవల చదివేది? కంగారు వద్దనుకుంటే పంచాంగం చదువుకోమా?

మా ఆవిడని పిలిచి, మిగతా పుస్తకాల్లో ఆ రాతలు నా కంట పడకుండా కాగితాలు అంటించమని బతిమాలాను. ఆవిడ పరీక్ష పేపర్లు పక్కన పెట్టి, చక్కగా కత్తిరించి అంటించింది. సమస్య తీరిందనుకున్నాను. కానీ అంటించాలంటే ముందు చూడాలి కదా!

అక్కడి నుంచి నా ఆదివారాలు నరకమయ్యాయి. నేను చదువుతూ చదువుతూ తలెత్తి, "ఈ వంటమనిషి మీద నాకు అనుమానంగా ఉంది" అనేవాణ్ణి. ఆవిడ "ఊఁ" అనేది. ఆ "ఊఁ"లో ఎంత జాలి! నేను సరైన మనిషిని అనుమానించినప్పుడు మాత్రం ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నాలుగు పుస్తకాలయ్యేసరికి నాకు కిటుకు దొరికింది. పాత్రల పేర్లు వరసగా పైకి చదవడం, ఆవిడ ఎవరి దగ్గర లేస్తుందో చూడడం! పెళ్లాం నడకని బట్టి హంతకుణ్ణి పట్టుకున్న డిటెక్టివు నా బీరువాలో ఒక్కడు కూడా లేడు.

ఇక లాభం లేదనుకున్నాను. ఆ ఆకుపచ్చ దుర్మార్గుణ్ణి పట్టుకుని కడిగిపారేయాలి. నాలుగువందల డిటెక్టివ్ నవలలున్నవాణ్ణి, ఆ మాత్రం చెయ్యలేనా?

ఆధారాలు బల్ల మీద పరిచాను. ఒకటి, ఆకుపచ్చ ఇంకు. రెండు, అట్టల మీద గుండ్రటి మరకలు, సీసా అడుగు ఆనినట్టు. మూడు, ఒక పుస్తకంలో గుర్తుగా పెట్టిన కాగితం ముక్క. గళ్ల కాగితం మీద పైకీ కిందికీ పరిగెడుతున్న గీత. నేను కళ్లు మూసుకుని ఆలోచించి, తీర్పు చెప్పాను. ఆకుపచ్చ ఇంకు వాడేది పెద్ద ఆఫీసర్లు. ఆ గీత షేర్ మార్కెట్టుది. ఆ సీసా గురించి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి మన దుర్మార్గుడు షేర్లలో దివాలా తీసి తాగుడికి బానిసైన రిటైర్డ్ ఆఫీసరు!

రెండు నెలలు వెతికాను. మా పేటలో దివాలా తీసినట్టు కనిపించే రిటైర్డ్ ఆఫీసర్లు చాలామందే ఉన్నారు. ఒకాయన వెనక పార్కులో మూడు చుట్లు నడిచాను. నాలుగో చుట్టులో ఆయన ఆగి, "మీకు కూడా షుగరా?" అని అడిగాడు.

చివరికి విసిగిపోయి పాత పుస్తకాల పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"ఆ కట్ట మీకు ఎవరిచ్చారో గుర్తుందా?" అన్నాను, పెద్ద రహస్యం అడుగుతున్నట్టు గొంతు తగ్గించి.

"సిస్టరమ్మ ఇచ్చింది సార్. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అదిగో, ఆ మందుల షాపు పైన, రెండో అంతస్తు."

వేలు చాపి చూపించాడు. అక్కడి నుంచి కిటికీ కూడా కనిపిస్తోంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా సార్!"

ఇంటికొచ్చి చెప్తే, మా ఆవిడ ఆ గళ్ల కాగితం ఒకసారి చూసి, "ఇది జ్వరం చార్టండీ, ఆ మరకలు దగ్గు మందు సీసాలవి. మొదటి రోజే చెప్పేదాన్ని, మీరు షేర్లు షేర్లంటూ అంత సంబరపడుతుంటే ఎందుకులే అని ఊరుకున్నా" అంది.

శనివారం మధ్యాహ్నం వెళ్లాను. జేబులో నా అభియోగపత్రం, పదకొండు పాయింట్లతో. భుజాన సంచిలో సాక్ష్యంగా ఒక పుస్తకం. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. మా కంపెనీవాళ్లకి చెప్పాలి.

తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా, సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. నేను నోరు తెరిచేలోపే నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం కిందికి వెళ్లి తల ఎత్తి చూసింది. నేను కూడా వెనకే వెళ్లాను, వేరే దారి లేదు కదా.

"నాడి నూట నాలుగు. రెండు అంతస్తులకేనా బాబూ! కూర్చోండి. నీళ్లు తాగాక మాట్లాడండి."

ఒకటే గది. ఇనప మంచం, దాని మీద మూలలు మడిచి బిగించిన దుప్పటి. ట్రేలో గ్లాసులు బోర్లించి, పైన తెల్లటి గుడ్డ. అన్నీ వరసగా, ఎవరో పెద్ద డాక్టరు తనిఖీకి వస్తున్నట్టు. గోడకి ఖాళీ చెక్క అలమర. ఖాళీ అంటే, మూలగా ఒక్క పుస్తకం మిగిలింది.

"ప్లాస్టిక్ కవర్లు వేసుకునేది మీరేనా?" అంది ఆవిడ. "డిపో దగ్గర పెద్దాయన చెప్పాడు, ఒకాయన మీ పుస్తకాలు చూసి ఏడ్చినంత పని చేశాడని."

"అవి సంతోషంతో వచ్చిన కన్నీళ్లండి. తెరిచాక వచ్చినవి వేరు," అని జేబులోంచి కాగితం తీశాను. "సిస్టర్‌గారూ, ముప్ఫై ఒక్క పుస్తకాలు పాడుచేశారు మీరు."

"పాడు చెయ్యడమేంటి? పేరేగా రాశాను."

"ఆ పేరే కదండీ అసలు పుస్తకం! ఎందుకు రాశారు?"

ఆవిడ ట్రే మీది గుడ్డ తీసి, మడిచి, మళ్లీ అలాగే కప్పింది.

"మగవాళ్ల వార్డులో చేసేదాన్ని బాబూ. ఛాతీ జబ్బులు. వారాలు, నెలలు పడుకుని ఉండేవాళ్లు. ఎవరో ఒక పెట్టెడు డిటెక్టివ్ పుస్తకాలు ఇచ్చిపోయారు. అవే అందరూ మార్చుకుని చదివేవాళ్లు. పదకొండో మంచం మీద ఒకాయన ఉండేవాడు, టైపు మిషన్లు బాగుచేసే ఆయన. వేలు పెట్టి నెమ్మదిగా చదివేవాడు. ఒక్కో పేజీకి ఆగి ఆయాసం తీర్చుకునేవాడు. ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ తెచ్చేసరికి ఇంకా పన్నెండు పేజీలున్నాయి. పుస్తకం నా చేతికిచ్చి, 'సిస్టర్, చంపిందెవరో చెప్పి పంపించండి' అన్నాడు."

"చెప్పారా?"

"నేను చదవలేదుగా! 'వచ్చాక మీరే చదువుకుందురుగాని' అన్నాను. ఊరికే, ధైర్యానికి. ఎవరికైనా అలాగే అంటాం." ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "రాలేదు."

నా చేతిలో అభియోగపత్రం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపు దానితో విసురుకున్నాను.

"ఆ తర్వాత పెట్టెలో పుస్తకాలన్నీ చదివేశాను బాబూ. డ్యూటీలో అన్నం తినే అరగంటలో. చదవగానే పేరు పైన రాసేసేదాన్ని. నాకు ఎక్కువ మధ్యాహ్నం డ్యూటీలే. ఆ డ్యూటీకి చార్టు ఆకుపచ్చ ఇంకుతో రాయాలి, ఆ పెన్నే చేతిలో ఉండేది. నా దగ్గరికి వచ్చినవాళ్లెవరూ తెలియకుండా పోకూడదనుకున్నాను. అంతే."

"మరి పేరు తెలిసిపోయాక ఎవరు చదువుతారండీ?" నా పదకొండు పాయింట్లలో చివరికి ఇదొక్కటే మిగిలింది.

"అయ్యో, మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు!" ఆవిడ ముఖం ఒక్కసారిగా వెలిగింది. "పేరు తెలిశాకే వార్డు వార్డంతా ఒకటయ్యేది. ఒకాయన పైకి చదివేవాడు, మిగతావాళ్లు వినేవాళ్లు. ఆ మేనల్లుడు గదిలోకి రాగానే, 'వచ్చాడమ్మా దొంగ వెధవ' అని పదహారు మంచాల మీంచీ తిట్లు. దగ్గొచ్చినా ఆపేవాళ్లు కాదు. 'ఒరేయ్ ముసలాయనా, ఆ పాలు తాగకురా!' అని ఒకాయన లేచి నిలబడ్డాడు కూడా. నెల రోజుల్నించి లేవలేనివాడు!"

అనుమానంతో చదివితే ఒక్కడే చదవాలి. తెలిసి చదివితే పదహారు మంది కలిసి తిట్టొచ్చు. ఈ సంగతి నాకు ఏ నవలా చెప్పలేదు.

అయినా నేను అంత తేలిగ్గా లొంగేవాణ్ణి కాను. సంచిలోంచి ఒక పుస్తకం తీశాను. "ఏడో గదిలో నిద్ర". దాని మీద ఆవిడ రాసింది "చంపింది డాక్టరు" అని. నేను చివరిదాకా చదివాకే మా ఆవిడ అంటించిన కాగితం పీకి చూశాను. చంపింది డాక్టరు కాదు! ఇంజెక్షన్‌లో విషం కలిపిన నర్సు!

"దీనికేమంటారు?" అన్నాను, ఓవర్‌కోటు లేకపోయినా ఉన్నట్టే నిలబడి.

ఆవిడ పుస్తకం కళ్లకి ఆనించుకుని చూసి, గలగలా నవ్వింది.

"రోజుకి పదహారుమందికి ఇంజెక్షన్ పొడవాల్సినదాన్ని బాబూ! నర్సే చంపిందని రాస్తే ఒక్కడైనా చెయ్యి చాపుతాడా?"

"మరి చివరిదాకా చదివినవాళ్లు?"

"చివరిదాకా చదివే ఓపిక వచ్చిందంటే వాడికి ఇంజెక్షన్ అక్కర్లేదు. ఇంటికి పంపించేయొచ్చు." పుస్తకం తిరిగిస్తూ, "డాక్టరుగారికి మాత్రం అన్యాయం జరిగింది. ఆ నెలంతా ఆయన రౌండ్స్‌కి వస్తే వార్డంతా నోరు మూసుకుని, ఆయన చేతుల వంకే చూసేవాళ్లు. 'ఏమైంది సిస్టర్ వీళ్లకి?' అని నన్నే అడిగాడు పాపం," అంది.

నేను నవ్వాను. ఇద్దరం నవ్వాం. అభియోగపత్రం ఎప్పుడు జేబులోకి వెళ్లిపోయిందో నాకు గుర్తు లేదు.

అప్పుడు ఆవిడ నన్నొక ప్రశ్న అడిగింది. చాలా మామూలుగా అడిగింది.

"మీ దగ్గర నాలుగువందలు పైచిలుకు ఉన్నాయటగా. ఎన్ని చదివారు?"

మీరు గమనించే ఉంటారు, ఈ వ్యాసంలో ఇప్పటిదాకా ఆ సంఖ్య నేను చెప్పలేదు. కవర్ల సంఖ్య చెప్పాను. అది నాకు కంఠతా వచ్చు.

"డెబ్బై దాకా," అన్నాను. నిజానికి యాభై మూడు.

ఆవిడ లేచి, తడుముకుంటూ అలమర దగ్గరికి వెళ్లి, మిగిలిన ఆ ఒక్క పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అచ్చు ఇప్పుడు చీమలబారులా కనిపిస్తోంది బాబూ. అందుకే మిగతావి ఇచ్చేశాను. ఇదొక్కటి ఇవ్వలేదు."

అట్ట సగం ఊడింది. "గొంతు లేని గుమస్తా"! నేను పదకొండేళ్లుగా వెతుకుతున్న పుస్తకం! మీ దగ్గర దాచడమెందుకు, ఆ క్షణంలో నాలోని సేకర్త ఇంత కథ విన్నాక కూడా, దీనికి ఏ సైజు కవరు పడుతుందా అని ఆలోచించాడు.

ఒక పేజీ మూల మడిచి ఉంది. మొదటి పేజీలో ఆకుపచ్చ అక్షరాలు లేవు.

"ఆ మడత ఆయనదే," అంది ఆవిడ. "పదకొండో మంచం."

"మీరు చదవలేదా? ఇన్నేళ్లూ?"

"ఆయన చదవలేదుగా."

ఆవిడే మళ్లీ అంది. "వచ్చే బుధవారం నాకు కళ్ల ఆపరేషను. చిన్నదే, ఏమీ కాదు. కానీ ఎంతోమందిని లోపలికి తోసినదాన్ని కదా, నాకు తెలుసు. పేజీలు మిగుల్చుకుని వెళ్లకూడదు. ఈ పన్నెండూ చదివి పెడతారా? మీది మంచి గొంతు."

నేను పుస్తకాలు పైకి చదివి ముప్ఫై ఏళ్లు దాటింది. బడిలో చదివించేవారు, తప్పులు పోతే చెవి మెలిపెట్టేవారు. గొంతు సవరించుకుని, మడత విప్పి మొదలుపెట్టాను.

డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. ఓవర్‌కోటు విప్పలేదు. ఒక్కొక్కరినీ అనుమానించి, ఒక్కొక్కరినీ వదిలేశాడు. ఆవిడ మంచం అంచున నిటారుగా కూర్చుని వింటోంది. "ఆగండి," అంది మధ్యలో. "ఆ గుమస్తా అబద్ధం చెప్తున్నాడు. మూగవాడికి టెలిఫోనెందుకు?" నాకు తట్టలేదు ఆ సంగతి! ఇద్దరం రెండు పేజీలు వెనక్కి వెళ్లి చూసుకున్నాం. దీపాలు ఆరిపోయాయి. పిస్తోలు పేలింది. కెవ్వున కేక. దీపాలు వెలిగాయి.

చంపింది గుమస్తా కవల తమ్ముడు.

నేను పుస్తకం మూశాను.

"కవల తమ్ముడా?"

"అవునండి."

"ముందు ఎక్కడైనా ఉన్నాడా వాడు?"

పేజీలు తిప్పాను. మొదటి నుంచి తిప్పాను. ఆవిడ కళ్లకి కనిపించకపోయినా, నిజాయితీగా ప్రతి పేజీ తిప్పాను.

"లేడండి. చివరి నుంచి రెండో పేజీలోనే పుట్టాడు."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. కాదు, నవ్వు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత గది నిండా.

"ముప్ఫై రెండేళ్లు బాబూ! ఆయనకి చెప్పలేకపోయానే అని ముప్ఫై రెండేళ్లు! ఇది చెప్పి ఉంటే స్ట్రెచర్ మీద పడుకునేవాడా? దిగి, ఈ రాసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లేవాడు!"

నవ్వుతూనే కళ్లద్దాలు తీసింది. అవి తీశాక ఆ నవ్వు ఎక్కడ ఆగిందో, ఎక్కడ మరొకటి మొదలైందో నేను చెప్పలేను. నాకు అక్కడ పని లేదనిపించి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కింద డిపోలోకి బస్సు మలుపు తిరుగుతోంది. అది పూర్తిగా లోపలికి వెళ్లేదాకా చూశాను.

ఆవిడ ఆపరేషన్ బాగా జరిగింది. ఇదిగో, ముగింపు మళ్లీ ముందే చెప్పేశాను, కంగారు పడకండి. కంటికి కట్టు ఉన్న రోజుల్లో నేను సాయంత్రాలు ఆసుపత్రికి వెళ్లి చదివాను. నాలుగో రోజుకి పక్క మంచాలవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఐదో రోజుకి అందరూ కలిసి నన్నే తిట్టారు, "అంత నెమ్మదిగా చదివితే హంతకుడు ముసలాడైపోతాడు" అని.

కాబట్టి పాఠకులారా, నా వాదన గెలిచిందని ఒప్పుకోండి. ముగింపు చెప్పేసేవాళ్లు పుణ్యాత్ములు. ఒక్క చిన్న సవరణ మాత్రం ఉంది. ఆవిడ ఆ ముప్ఫై ఒక్క పుస్తకాలూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, ఒక్కో పేరు రాసింది. ఎదురుగా ఎవరు పడుకుని ఉన్నారో చూసి రాసింది. ఈ రోజుల్లో చెప్పేవాడు చదవడు, వినేవాడు చదవడు, నాలాంటివాడు కొని కవరు వేస్తాడు. ముగింపు ఒక్కటే అందరి దగ్గరా ఉంది, కథ ఎవరి దగ్గరా లేదు. ఈ వ్యాసంలో కూడా చివరి పేరా దగ్గరికే నేరుగా దిగినవాళ్లు మీలో ఉన్నారు. నాకు తెలుసు. నేను కూడా అలాగే చదువుతాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను బీరువా తీసి, ఒక కవరు చించాను. చప్పుడు విని మా ఆవిడ పేపర్లు దిద్దడం ఆపి చూసింది. నేను కుర్చీ ఆవిడ బల్ల దగ్గరికి జరుపుకుని, పైకి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ మళ్లీ దిద్దుకుంటూ కూర్చుంది. నలభయ్యో పేజీ దగ్గర ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఎక్కడో ఇరుక్కున్నారు. మాట్లాడి వచ్చేసరికి ఎర్ర పెన్నుకి మూత పెట్టి ఉంది. పేపర్లు పక్కకి జరిగి ఉన్నాయి.

"ఆపేశారేం? చదవండి," అంది.

చంపిందెవరని ఆవిడ అడగలేదు. అడిగినా నాకు తెలియదు. ఇంకా తొంభై పేజీలున్నాయి. మా బల్ల దగ్గర కుర్చీలు కూడా ఖాళీగానే ఉన్నాయి, వినాలనుంటే మీరూ రావచ్చు.